ఫొటోలో పడ్డ అల్లుడు

పాత కట్టడాల ఆఫీసరు గారికి,

రేవు వీధి చివరింటి మామ్మ నమస్కారాలు. మా ఇల్లు ఈ చేపలరేవు పాత వైభవానికి గుర్తని గోడకు బోర్డు కొట్టించారు. సంతోషం. 'ఫొటోలో ఉన్నదేదీ కదపరాదు' అని దాని కింద రాయించారు. అక్కడే వచ్చింది చిక్కు. మీవాళ్లు ఫొటో తీసినప్పుడు మా అల్లుడు అరుగు మీద కూర్చుని వల బాగుచేస్తున్నాడు. ఆ రోజు నుంచి లేస్తే ఒట్టు. "ఫొటోలో ఉన్నానత్తా, కదిలితే నేరం" అంటాడు. పడవ ఒడ్డున ఎండిపోతోంది. మా అమ్మాయి పరాయి పడవల దగ్గర చేపలు ఏరి ఇల్లు నడుపుతోంది. బోర్డు అల్లుడికి వర్తించదని ఒక్క ముక్క రాసి పంపండి.

ఇట్లు,
చివరింటి మామ్మ

తా.క. అరుగు తాతల నాటిదే. అల్లుడు మాత్రం పోయిన ఏడాదే వచ్చాడు.

గౌరవనీయులైన మామ్మగారికి,

ఫొటో తెప్పించి చూశాం. అందులో అరుగు, వల, ఒక మనిషి స్పష్టంగా కనిపిస్తున్నారు. మనిషికి మినహాయింపు నిబంధనల్లో ఎక్కడా లేదు. కనుక అనుమతి లేనిదే తొలగించరాదు. పైగా ఊరి అందం చూడవచ్చినవాళ్లు ఎక్కువగా ఆయన్నే మెచ్చుకుంటున్నారు.

భవదీయుడు,
ఆఫీసరు

తా.క. వానకు తడవకుండా చూడండి. రంగులు వేయకండి.

ఆఫీసరు గారికి,

మీ ఉత్తరం వాడు చదివి దిండు కింద పెట్టుకున్నాడు. చూడవచ్చినవాళ్లు వాడికి టీలు తెచ్చిస్తున్నారు. ఇప్పుడు వల కూడా ముట్టడం లేదు. చిరుగు పూడిస్తే పాతదనం పోతుందట. నిన్న ఒళ్లు మండి వాడి నెత్తిన బిందెడు నీళ్లు పోశాను. "రోజూ ఇలాగే కడుగుతారా మామ్మగారూ?" అని ఒకావిడ మెచ్చుకోలుగా అడిగింది. నా ఓపిక అయిపోయింది. మీరే వచ్చి లేపండి. లేదంటే అరుగుతో సహా మీ ఆఫీసుకు పంపించేస్తాను.

ఇట్లు,
చివరింటి మామ్మ

తా.క. తిరిగి పంపేటప్పుడు అరుగు ఒక్కటీ పంపితే చాలు.

ఆఫీసరు గారి ఇల్లాలికి,

అమ్మాయీ, నేను రేవు వీధి చివరింటి మామ్మను. ఈ చిరునామా మీ ఆయనే చెప్పారు. నిన్న మా అల్లుణ్ణి లేపడానికి వచ్చారు. అరుగు బోసిపోకూడదని, వాడు లేచిన చోట తాను కూర్చుని వల ఒళ్లో పెట్టుకున్నారు. సముద్రపు గాలి తగిలింది. ఎవరో టీ ఇచ్చారు. ఇంకెవరో ఫొటో తీశారు. అంతే, ఇక లేవలేదు. కూర్చునే చోటు పోయేసరికి మా అల్లుడు గత్యంతరం లేక పడవెక్కాడు. పొద్దున్న బుట్ట నిండా చేపలతో దిగాడు. మా అమ్మాయి ముఖంలో నవ్వు చూసి నాకు ఏడుపొచ్చింది.

ఇక మీ ఆయన సంగతి. లేవమంటే "ఫొటోలో పడ్డాను మామ్మగారూ, అనుమతి కావాలి" అంటున్నారు.

ఇట్లు,
చివరింటి మామ్మ

తా.క. ఆ అనుమతి మీద సంతకం పెట్టాల్సింది ఆయనేనట. అదీ ఆఫీసులో కూర్చునే పెట్టాలట.