మూల నుంచి మూలకి అందని పట్టీ

నేను అభిలాష్‌ని, సీతారాండేరా బస్తీలో ఉండే గౌరీశంకర్ కొడుకుని. రేపు పొద్దున్న నా గుండె ఆపరేషను. బుర్ర బాగానే పనిచేస్తోంది, భయం మాత్రం ఉంది. నోటితో చెప్పలేక ఆసుపత్రి మంచం మీంచి చెల్లి బిందుప్రియ ఫోనుకి ఇది పంపుతున్నాను. నాకు పదిహేడే. పద్దెనిమిది నిండకపోతే వీలునామా చెల్లదని పక్క మంచం పైడితల్లి తాత అన్నాడు. చెల్లకపోయినా ఇలాగే చెయ్యండి.

1. నా ఫోను అమ్మకి. అందులో అమ్మ తిట్టింది రికార్డు చేసి ఉంచాను: "తినరా, తినకపోతే బలం ఎక్కడ్నించి వత్తాది?" అది తీసెయ్యకండి.

2. కొలత టేపు, ఒక పొట్టి ఇనప పట్టీ చెల్లికి. నేను పనిచేసే తవిటయ్య మావయ్య గ్రిల్లుల షాపులో మీటరుకి మీటరు ఫ్రేము చేశాం. మూల నుంచి మూలకి పట్టీ వెయ్యాలి. పద్నాలుగు వందల పద్నాలుగు మిల్లీమీటర్లు, ఇంకా కొంచెం. ఆ కొంచెం ఎంతో చెల్లినడిగాను. "అన్నియ్యా, అది రూట్ టూ. పాయింట్ తర్వాత అంకెలు ఖతమ్ హీ నహీ హోతే, అయిపోనే అయిపోవు" అంది. మరి ఇనుము మూల దగ్గర ఆగిపోయింది కదా? మర్నాడు పొడుగు పట్టీ తీసుకుని ఆకురాయితో అరగదీస్తూ కూర్చున్నాను. ఇంకా పొడుగు. వెంట్రుకంత పొడుగు. తర్వాత చూస్తే పొట్టి. మధ్యలో ఆ నంబరు మీంచే వెళ్ళుండాలి. నాకు కనపడలేదు. అది ఇనుములో ఉందా, పుస్తకంలోనే ఉందా?

3. మావయ్యకి ఏమీ లేదు. అందరి ముందూ నవ్వాడు: "ఏట్రా, పట్టీ పాడుసేసినావు? రవ్వంత సందుంటే వెల్డింగు నింపేత్తాది. నంబరు అయిపోకపోతే నీకేటి?"

4. నా గుండెలో కన్నం సుమారు పద్దెనిమిది మిల్లీమీటర్లంట. అతుకు వేస్తారు. సుమారు అంటే ఎంత అని అడగబోయి ఇంకోటి అడిగాను: అతుకు పొట్టయితే? పైన కండ పెరిగి కప్పేస్తుందన్నారు డాక్టరు. అంటే మావయ్య మాటే. మూడోది కొట్టేస్తున్నాను. నా గ్లౌజులు మావయ్యకి. ఆయన చెప్పిందే నిజం కావాలి.

5. సైకిలు నాన్నకి. వెనక బ్రేకు పట్టదు. ఎనిమిదిలో నన్ను బడి మానిపించాడు, ఆ కోపం పోలేదు. ఇప్పుడు చెల్లిని కూడా "టెన్త్ అయితే సాల్లే" అంటున్నాడు. అందుకని షరతు: ఆ నంబరు ఇనుములో ఉందో లేదో చెల్లి తేల్చేదాకా చదువు మానిపించకూడదు. అది ఎప్పటికీ తేలకపోవచ్చు. తెలిసే పెట్టాను.

నేను ఇంటికొస్తే సైకిలు నాదే. షరతు మాత్రం అలాగే ఉంటుంది.

2025 ఆగస్టు 6, సాయంత్రం.
ఫోనులో సంతకం ఎలా పెట్టాలో తెలీదు, పేరే కొడుతున్నాను: అభిలాష్
సాక్షులు: పైడితల్లి తాత, నర్సు పద్మశ్రీ అక్క (చదివింది, దుప్పటి సర్దింది)