విప్పని చీటీలు

ప్రియమైన అక్కకి,

నిన్న ఆదివారం ఉదయం తొమ్మిదీ యాభైకి మా చర్చి మేడమెట్ల రెయిలింగ్ ఊడిపోయింది. దాన్ని పట్టుకుని దిగుతున్న కీబోర్డు మాస్టారు ఐదు మెట్ల మీంచి పడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది, ప్రాణానికి ఢోకా లేదు.

సాయంత్రం కమిటీ కూర్చుంది. చర్చి శుభ్రం చేసే ఆవిడ ఆ ఉదయమే మెట్లు తుడిచింది. తడికి మాస్టారు జారారనీ, ఆయన బరువుకి రెయిలింగ్ ఊడిందనీ తేల్చారు. ఆమెని పనిలోంచి తీసేస్తున్న నోటీసు మీద పాస్టరుగా నేనూ సంతకం పెట్టాను. నెలాఖరు దాకా గడువిచ్చాం. పదకొండేళ్ళుగా చేస్తున్న మనిషి, ఒక్క మాటా అనలేదు. మనసేం బాగోలేదు. ప్రార్థన చెయ్యి.

నీ తమ్ముడు

తమ్ముడూ,

ప్రియమైన అని రాసి కొట్టేశాను.

ముప్ఫై ఏళ్ళు లిఫ్టులు తనిఖీ చేసినదాన్ని. తడి మెట్టు కాలిని జారుస్తుంది, గోడలోంచి స్క్రూలు పీకదు. రెయిలింగ్ ఒక్క రోజులో ఊడదు. వారాల తరబడి కదులుతుంది, కిర్రుమంటుంది. రోజూ తుడిచే చేతికి అది తెలియకుండా ఉండదు. ఆ చెయ్యి ఎవరిది?

ఒక్క మాటా అనలేదట. ఎవరైనా అడిగితే కదా అనడానికి. కమిటీలో ఏడుగురున్నారు. తీర్పు చెప్పేముందు ఆ మెట్లెక్కి చూసినవాళ్ళు ఎందరు? నువ్వు ఎక్కావా?

దారిపక్కన అరుస్తున్న గుడ్డివాడి కోసం ప్రభువు ఆగాడనీ, నీకేం కావాలని అడిగాడనీ పోయినసారి మా ఇంట్లో గంటసేపు చెప్పావు. గొంతు బాగానే పలికింది. చెవుల సంగతేంటి? నేను లిఫ్టు మీద చెయ్యి వేసేముందు, అందులో రోజూ తిరిగేవాళ్ళని అడిగేదాన్ని, చప్పుడు ఎక్కడొస్తోందని. నాకది ఉద్యోగం. నీకు విశ్వాసం కదా.

కోపం వస్తే తెచ్చుకో. ముందు వెళ్ళి ఆమెని అడుగు. అడిగాక నోరు మూసుకో.

అక్క

ప్రియమైన అక్కకి,

అడిగాను. మెట్ల కింద బకెట్లు కడుగుతోంది.

"రెయిలింగ్ సంగతి నీకు ముందే తెలుసామ్మా?"

"మీకు చెప్పాను కదయ్యగారూ."

"ఎప్పుడు?"

"రెండు నెలలైంది. మీరు ఆరాధనకి తొందరలో ఉన్నారు. చీటీ రాసి పెట్టెలో వెయ్యమ్మా, అన్నారు. వేశాను. ప్రతి వారం వేశాను." బకెట్టు బోర్లించి అంది, "చదివే ఊరుకున్నారనుకున్నా. పెద్దవాళ్ళు, ఏదో ఆలోచించుంటారని."

మా ప్రార్థన చీటీల పద్ధతి నీకు తెలీదు. జనం తమ కష్టాలు రాసి పెట్టెలో వేస్తారు; ఒకరి కష్టం ఇంకొకరికి తెలియకూడదని వాటిని విప్పం. ఉన్నవన్నీ రెండు చేతుల్లో పైకెత్తి, ప్రభువా నీకు అన్నీ తెలుసు, అంటాను. తర్వాత బీరువాలో పడేస్తాం. దాన్ని గౌరవం అనుకున్నాను. ఒట్టి బద్ధకం అక్కా.

బీరువా తెరిచాను. తన చీటీలు ఆమే ఏరింది, పాత క్యాలెండరు కాగితాలవి. ఎనిమిది. "మేడమెట్ల రెయిలింగ్‌కి ఒక స్క్రూ లేదు." తర్వాతది, "రెండు లేవు." పడటానికి వారం ముందుది, "మాస్టారిని కిందే కూర్చుని వాయించమనండి."

ఆ కుప్పలోనే మరో చీటీ. మడత పైకి కనిపించిన రాత మా ఆవిడది. విప్పలేదు. వంటింట్లోకి తీసుకెళ్ళి ఆమె చేతిలో పెట్టి, నువ్వే చెప్పు, అని కూర్చున్నాను. "ఏంటి, ఇవాళ ఎక్కడా ప్రసంగం లేదా?" అంది. తర్వాత చాలాసేపు చెప్పింది. మధ్యలో నేను మాట్లాడలేదు.

చీటీలు బయటపెడితే పద్ధతి పాడవుతుందట, కమిటీ పెద్ద అన్నాడు. శుభ్రం చేసే ఆవిడ పొట్ట కొట్టడానికి అడ్డురాని పద్ధతి, ఆమె రాసింది చదవడానికి అడ్డొచ్చింది. ఒళ్ళు మండింది. అందరి ముందూ చదవొచ్చా అని ఆమెనే అడిగాను. "చదవండయ్యగారూ, స్క్రూల సంగతిలో రహస్యమేముంది?" అంది.

నా సంతకం వెనక్కి తీసుకుంటున్నట్టు రాసిచ్చాను. అందులో ప్రమాదానికి కారణం అన్నచోట నా పేరు రాశాను. ఆస్పత్రికెళ్ళి మాస్టారికీ అదే చెప్పాను.

గురువారం సాయంత్రం ఆరింటికి కమిటీ మళ్ళీ కూర్చుంటుంది, ఆ మెట్ల మీదే. కుర్చీలు వెయ్యొద్దన్నాను. ఎనిమిది చీటీలూ ఆమే చదువుతుంది. ముగించేదాకా ఎవరూ నోరెత్తరు. తర్వాత నోటీసు రద్దుకి చేతులెత్తాలి. ఎత్తకపోతే, ఆదివారం తొమ్మిదీ యాభైకి ప్రసంగం బదులు ఆ చీటీలే చదువుతాను.

నీ తమ్ముడు