మా తోటకిచ్చిన ఆదర్శం వెనక్కి తీసుకొనుట

నంద్యాలలోని తోటల తనిఖీ అధికారి గారి సముఖమునకు,
ఆళ్లగడ్డ నుండి అహోబిలం పోవు రోడ్డు పక్కన కూరగాయల తోట గల యెషయా కొడుకు దేవసహాయం వ్రాసుకొను అర్జీ.

విషయం: మా తోట ముందర నాటిన ‘ఆదర్శ తోట’ బోర్డు పీకించి, మా ఉల్లిగడ్డలు మేము పీకుకొనుటకు అనుమతి కోరుట గురించి.

అయ్యా,

తమరు మా తోటను ఆదర్శ తోటగా ప్రకటించినందుకు కుటుంబ సమేతంగా కృతజ్ఞులము. అయితే ఆ గౌరవమును భరించుట మా వల్ల కావడం లేదు. కారణములు దిగువ పొందుపరచడమైనది.

1. మాది నల్లరేగడి. వానకు జిగురు, ఎండకు రాయి. పోయిన ఏడు ఇదే నేలలో వేసిన ఉల్లి అంతా కుళ్లిపోయినది. తొలి పంటను గంపతో తెచ్చి బలిపీఠం ముందర పెట్టి, ఆరాధన అయినాక వేలం పాడుట మా చర్చిలో కోత పండుగ ఆచారము. అందరి గంపలూ వేలానికి వస్తుండగా, మా ఇల్లాలు కమలమ్మ ఖాళీ గంప ఒళ్లో పెట్టుకుని వెనక వరుసలో కూర్చున్నది. ఈ ఏడు ఆమె దిబ్బ ఎరువు, వేరుశనగ పొట్టు తలమీద మోసి నేలలో కలిపి, ఎత్తుగా బోదెలు వేసి, వాటి మీద ఉల్లి నాటినది. క్యాబేజీకి గట్టి నేలే ఇష్టము గనుక దానిని కింద మడిలోనే వదిలినది. ఆ విధముగా నేలకూ మాకూ రాజీ కుదిరినది. అప్పుడు తమరు వచ్చినారు.

2. తడి రేగడిని తొక్కితే ఇటుకలాగా బిగుస్తుంది. అందువలన తమ బృందమును బూట్లు విడిచి, చెక్క పలక మీద మాత్రమే నడవమని ప్రాధేయపడితిని. తమ వారు దానిని భక్తి అనుకొని, ‘నేలతల్లికి చెప్పులు విడిచే రైతు’ అని ఫోటో తీసి ఫోన్లలో పంపినారు. నాటి నుండి అహోబిలం పోవు జీపులు మా తోట దగ్గర ఆగుచున్నవి. జనం భక్తిగా చెప్పులు విడిచి, పలకను కూడా విడిచి, బోదెల మీద నడుచుచున్నారు. ఒక జీపు వారు క్యాబేజీ మడి గట్టున టెంకాయ కొట్టినారు. మా పాస్టరు ఎజ్రా గారు అదే సమయమునకు ఆ దారిన వచ్చి, అదేమని అడిగినారు. పచ్చడికని చెప్పితిని. ఆయన నమ్మలేదు.

3. ఉల్లి ఆకు వాలితే గడ్డ తయారైనట్టు. ఇక నీళ్లు ఆపి, నేల ఆరినాక పీకవలెను. మా ఆకు ఎప్పుడో వాలినది. కానీ తమకంటే పెద్ద అధికారి గారు చూచువరకు ఒక్క గడ్డయినా పీకరాదని, తోట పచ్చగా కనపడుటకు రోజూ నీళ్లు పెట్టవలెనని తమ ఆదేశము. ఆ ఆదేశము తెచ్చిన తమ సిబ్బంది ముస్తఫా రైతుబిడ్డే. “నాకు మాత్రం తెల్దా అన్నా? ఫోటోలో పచ్చగా ఉండాలంట” అని నేల చూపులు చూసినాడు. ఇప్పుడు అంచు బోదెలో గడ్డల మెడలు మెత్తబడి వాసన మొదలైనది.

4. క్యాబేజీలు ప్రభుత్వమునకు పూర్తిగా సహకరించినవి. కోయనందున సహకారము ఎక్కువై పగులుచున్నవి. పగులు రోడ్డు వైపు కనపడకుండా తిప్పమని సలహా వచ్చినది. వేరు మీదున్న క్యాబేజీని తిప్పు విధానము తెలియక ఆగియున్నాను.

5. పెద్ద అధికారి గారి రాక వాయిదా పడుతూనే ఉన్నది. కోత పండుగ మాత్రం ఈ ఆదివారమే. అయ్యా, అసలు మాట ఇదొక్కటే. నిన్న కమలమ్మ గంప దులిపి చూసి, “ఈ తూరి గూడా ఉత్త గంప ఎత్తుకోని పోలేను నేను. ఆ బోర్డు ఎవురికన్నా ఇచ్చుకోమను” అన్నది. ఆమె కళ్లలో నీళ్లు లేవు. నాకే ఏడుపొచ్చింది.

కావున తమరు దయతో సదరు బోర్డును, నేల తొక్కించుకొనుటకు అభ్యంతరము లేని మరొక రైతుకు బహూకరించి, ఆదివారములోగా మాకు విముక్తి కలిగించునట్లు ఈ మొర చిత్తగించవలెను.

తమ విధేయుడు (శనివారం దాకా),
దేవసహాయం

మరొక ముక్క: సార్, నేను ఈ అర్జీ సాపు రాస్తుండగానే కమలమ్మ తోటలోకి పోయి గడ్డలన్నీ పీకేసింది. కుళ్లినవి పోను గంప నిండింది, ఇంకా మిగిలాయి. కోసిన ఆకులను బోదెల మీద వరసగా గుచ్చింది. ఇన్నాళ్లూ వాలిపోయి ఉన్న ఆకు, గడ్డ పోయాక నిటారుగా నిలబడింది. మీరు పెట్టించిన నీళ్ల వల్ల పచ్చగానే ఉంది. అది వాడేలోపు పెద్ద సారును పిలుచుకురండి. ఇప్పుడు బూట్లతోనే నడవొచ్చు. ఆకు పట్టుకుని మాత్రం లాగనీయకండి.