పసుపు దారం కట్టిన వాలు

దొడ్డబళ్ళాపురం తాలూకాలో గుట్టవాలున కట్టిన మా లేఅవుట్ నివాసులు, మరమగ్గాల చంద్రశేఖర్, జయమ్మ దంపతుల కుమార్తెను, బి.ఏ. రెండో సంవత్సరం విద్యార్థినిని, ఇరవై ఏళ్ళ మమత అను నేను, వైద్యం నిమిత్తం బెంగళూరు హూడిలో మా పిన్ని ఇంట ఉంటూ, ఎవరి ఒత్తిడీ లేకుండా స్వహస్తాలతో రాసుకున్న వీలునామా ఇది. జబ్బు చేసింది నా రక్తానికి, బుద్ధికి కాదు. మందులు ఇక పనిచెయ్యడం లేదని డాక్టరమ్మ నాతోనే చెప్పారు. ఇంట్లోవాళ్ళు నాకు ఆ సంగతి తెలియనట్టే మాట్లాడుతున్నారు. నేనూ తెలియనట్టే వింటున్నాను.

1. స్థిరాస్తి అన్న మాట పలకడానికి బాగుంటుంది గాని, నాకు అది లేదు. గుట్ట సర్కారుది కనుక ఎవరికీ రాసివ్వలేను. ఆదివారాలు గుట్టెక్కుతానంటే నాన్న అనేవాడు: "ఎవురి గుట్టమ్మా అది? మీ తాత రాసిచ్చినాడా?" ఎవరూ రాసివ్వలేదు, నాన్నా. కానీ గుట్ట మీది నీటి ఊటకు పైనున్న వాలులో లాంటానా కంప పీకి, తంగేడు, ఆరె, బిల్లుడు మొక్కలు పెట్టిన పని మాత్రం నా స్వార్జితం. ఈ వీలునామాలో పంచదగిన ఆస్తి అదొక్కటే. మిగతావి సామాన్లు.

2. నా జడ అమ్మకు. వైద్యానికి ముందు కత్తిరించినప్పుడు దాన్ని పాత పట్టుచీర మడతలో దాచింది. నేను చూడలేదనుకుంటోంది. అమ్మా, అది నీదే. దాచుకోనక్కర్లేదు.

3. నా నిఘంటువు తమ్ముడు సందీప్‌కు. మొదటి పుట నుంచి వరసగా చదువుతూ 'న' దగ్గరికి వచ్చాను. అక్కడ గుర్తుకు నెమలీక పెట్టాను. ఆ తర్వాత మాటలు నువ్వు చదవాలి. నా రెయిన్‌కోటు అడక్కుండా తీసుకుపోయి చింపిన సంగతి నేను మరవలేదు. అయినా నిఘంటువు నీకే.

4. ఇప్పుడు అసలు విషయం. మొదట జరిగింది చెప్పాలి, లేకపోతే కింద రాసిన షరతు అర్థం కాదు.

మా లేఅవుట్‌లో రాజగోపాల్ గారు ఫ్యాక్టరీలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఆదివారం పనికి పెద్ద ఆయనే. సుంకమ్మత్త కర్నూలు వైపు నుంచి ఇళ్ళు కట్టడానికి వచ్చి, గుట్ట కింద కూలీల షెడ్లలోనే నిలిచిపోయింది. కూలి లేని రోజున కూడా కొడవలి పట్టుకుని మాతో వచ్చేది. గుర్తుల కోసం నేను నాన్న మగ్గాల దగ్గర మిగిలిన దారాలు తెచ్చాను. కాపాడవలసిన మొక్కకు ఎరుపు, పీకవలసిన కంపకు పసుపు అని రాజగోపాల్ సారు నిర్ణయించారు. ఫ్యాక్టరీలో తీసెయ్యవలసిన సామానుకు పసుపు రంగే పూసేవారట. ఒక ఆదివారం షెడ్లవాళ్ళు రానప్పుడు దారాలు కట్టేశాం. రంగుల మాట వాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

మర్నాడు సుంకమ్మత్త నలుగురు ఆడవాళ్ళతో వెళ్ళింది. పసుపు దారం చూసి, మొక్కుకుని కట్టినవి అనుకుంది. ప్రతి కంప మొదట్లో కుదురు చేసి బిందెలతో నీళ్ళు పోసింది. మిగతాదంతా పీకేసింది. ఎర్ర దారం కట్టిన మా మొక్కలు, బిల్లుళ్ళతో సహా, అన్నీ పోయాయి.

సారు అందరి ముందూ అరిచారు: "రంగు కూడా తెలీదా? ముళ్ళకంపకు నీళ్ళు పోస్తారా ఎవరైనా?"

సుంకమ్మత్త మెడలోని తాడు బయటికి తీసి చూపించింది. "ఇదీ పసుపే కదా సారూ. పసుపు దారం కట్టినేదాన్ని పీకేసేది ఏ ఊర్లో ఉండాది? మాకైతే తెలీదప్పా." కొడవలి ఊట దగ్గర బండ మీద పెట్టి దిగిపోయింది. ఆ తర్వాత గుట్టెక్కలేదు. ఆమెతోపాటు షెడ్లవాళ్ళెవరూ రాలేదు. ఆమె ఇంటికి వెళ్ళి ఒక్కమాట చెప్పమని సారును బతిమాలాను. "చూద్దాంలేమ్మా" అన్నారు. ఇంకా చూస్తూనే ఉన్నారు.

నీళ్ళు తాగిన కంప ఏపుగా పెరిగింది. ఈ వానలకు పీకకపోతే వాలంతా అల్లుకుంటుంది. వచ్చే ఎండాకాలం ఎవరి బీడీ నిప్పయినా చాలు, మంట ఊటను దాటి ఇళ్ళదాకా దిగుతుంది. లేఅవుట్‌వాళ్ళు నలుగురి వల్ల అయ్యే పని కాదు. షెడ్లవాళ్ళు కావాలి. వాళ్ళు కావాలంటే సుంకమ్మత్త కావాలి.

5. కావున ఈ వీలునామా అమలు చెయ్యడానికి రాజగోపాల్ గారిని, సుంకమ్మత్తను ఇద్దరినీ కలిపి నియమిస్తున్నాను. ఒకరి సంతకం రెండోవారి వేలిముద్ర లేకుండా చెల్లదు. వేలిముద్ర కోసం సారే షెడ్డుకు వెళ్ళాలి, ఆమెను పిలిపించకూడదు. సారూ, మీరు నాకు మైక్రోస్కోపులో నాచు చూపించారు. ఆ రోజు ఎంత సంతోషపడ్డానో మీకు తెలుసు. ఆ చనువుతోనే అడుగుతున్నాను.

6. నా పేరున ఎవరూ మొక్క నాటవద్దు. నాటడానికి అందరూ వస్తారు, ఫోటో కూడా తీస్తారు. బదులుగా ఒక్కొక్కరు ఒక్కొక్క కంప వేళ్ళతో సహా పీకండి. ముళ్ళు తీసుకునే పిన్నీసుల డబ్బా, చేతి తొడుగులు, చిన్న గునపం ఎవరు ముందొస్తే వాళ్ళవి.

7. నాన్నకు ఇచ్చేదేమీ లేదు, అడిగేదే ఉంది. పసుపు దారం ఒక కండె చుట్టి ఇవ్వు నాన్నా. కంపలకు కట్టినవి విప్పేశాక, ఇకనుంచి ఆ గుట్ట మీద పసుపంటే కాపాడవలసిందని అర్థం. ఇది నా ఆజ్ఞ. వీలునామాలో ఆజ్ఞాపించవచ్చట.

8. చివరిది. పీకేసిన బిల్లుళ్ళలో ఒకటి, వేరు తెగి మట్టిలో ఉండిపోయిందేమో, మళ్ళీ చిగురేసిందని మొన్న నన్ను చూడవచ్చిన మా లేఅవుట్ పంపు కృష్ణప్ప చెప్పాడు. మోకాలెత్తు కూడా లేదట. దానికింకా ఏ దారమూ లేదు. సుంకమ్మత్త ముడి వెయ్యాలి, సారు కొమ్మ వంచి పట్టుకోవాలి. కాండం లావెక్కేకొద్దీ దారం కోసుకుపోతుంది. అందుకని ఏటా వానలకు ముందు ఆ ముడి విప్పి, వదులుగా మళ్ళీ కట్టాలి. అది ఒక్క మనిషి చేతులతో అయ్యే పని కాదు.

హూడి, బెంగళూరు. 2025 ఏప్రిల్ 20, ఆదివారం. ఈ పూట అందరూ గుట్ట మీద ఉండవలసింది.

(సంతకం) చం. మమత

మా ఎదుట ఆమె, ఆమె ఎదుట మేము సంతకం చేశాం. మాకు ఇందులో ఏ వాటా లేదు:
1. కృష్ణప్ప, లేఅవుట్ పంపు ఆపరేటరు
2. హర్షిత, కాలేజీ స్నేహితురాలు