ఒళ్లో బంతి ఉన్న మనిషి బొమ్మ

జూన్ 3

కారు వచ్చింది! తెల్ల కారు. మా అరుణ కారు! ఖమ్మం నుంచి తనే నడుపుకుంటూ తెచ్చింది, నేను పక్క సీట్లో జమీందారులా. మా ఇంట్లో స్టీరింగు పట్టిన మొదటి మనిషి నా బిడ్డ. పాత బండి అయితేనేం — అద్దంలా మెరుస్తోంది. ముప్పై ఏళ్లు బొగ్గు గనిలోకి దిగిన కళ్లివి, ఇంత తెలుపు ఒక్కసారిగా చూసి నీళ్లు కారాయి. వీధంతా మిఠాయి పంచాను. వాళ్లమ్మ కనకం దిష్టి తీస్తూ, "ఇగ నవ్వింది చాలు, దవడలు పట్టుకుంటయ్" అంది.

జూన్ 5

భద్రాచలంలో గుడి ముందు బండికి పూజ. నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు. ఎవరికీ చెప్పకుండా ఒక పని చేశాను — కొబ్బరికాయను పసుపు గుడ్డలో ముడుపు కట్టి, డ్రైవరు పక్కనుండే ఎడమ సీటు కింద లోపలికంటా తోశాను. ఏడాదిపాటు బిడ్డ క్షేమంగా తిరిగితే ఆ కాయ రాములవారికే. స్టాఫ్ నర్సు కదా, రోజూ పాల్వంచ దాటి, అడవి దాటి, గోదావరి వంతెన అవతలి దవాఖానాకు పోవాలి. స్వామీ, నీ ఊరి మీదుగానే పోతుంది… చూస్తుండు.

జూన్ 9

మీటరు దగ్గర ఎర్ర లైటు. కూర్చున్న మనిషి బొమ్మ, ఒళ్లో పెద్ద బంతి. "ఎయిర్‌బ్యాగ్‌ది నాన్నా. బండి గుద్దుకుంటే లోపలి సంచి ఉబ్బి మనల్ని కాపాడాలె. ఈ లైటు ఆరకుంటే ఆ సంచి పని చేయదన్నట్టు" — అరుణ. ఎంత తెలివి నా తల్లికి! స్టార్ట్ చేయగానే వెలిగి ఆరిపోవాలట. ఆరడం లేదు.

జూన్ 10

సరదాకు నేనూ వెళ్లాను. వెనక సీట్లో కాళ్లు చాపుకుని. పాల్వంచ దాటాం, టేకు చెట్లు మొదలయ్యాయి… టింగ్ టింగ్ టింగ్. బెల్టు పెట్టుకోమని. అరుణ పెట్టుకునే ఉంది. మోగింది ఎడమ సీటుకు. అక్కడ ఎవరూ లేరు. చివరికి ఆ ఖాళీ సీటుకే బెల్టు బిగించింది. అప్పుడు ఊరుకుంది.

మిగతా దారంతా నా కళ్ల ముందు ఆ బెల్టే.

జూన్ 12

మెకానిక్ యాకూబ్ సీటు కిందికి దూరి, ముడుపుతో బయటికి వచ్చాడు. "ఏంది కాకా, సీటు కింద కొబ్బరి తోట పెడుతున్నవా?" షెడ్డంతా నవ్వులు. కాయ దొర్లి దొర్లి ఆ లైటు వైర్ల పసుపు రంగు ప్లగ్గును సగం ఊడదీసిందట. సిగ్గుతో చచ్చాను. అరుణ మాత్రం నా చేయి పట్టుకుని, "నా కోసమే కదా నాన్నా" అంది. ఆ ఒక్క మాట చాలదా! ప్లగ్గు బిగించాడు. లైటు ఆరింది. టింగ్ టింగ్ కూడా లేదు. ముడుపు దేవుడి గూట్లోకి మారింది.

జూన్ 13

లైటు లేదు. సాయంత్రం పాయసం.

జూన్ 14

వెలిగింది. మోగింది. అదే అడవిలో.

కనకం దేవుడి గూట్లో ముడుపు ముందు దీపం పెట్టింది. పొద్దు వాలాక ఒకటే మాట — "మొక్కు మూటను కదిలించొద్దయ్యా."

జూన్ 17

మళ్లీ యాకూబ్. ఈసారి మిషన్ తగిలించి చూశాడు. నవ్వడం మానేశాడు. ఎడమ సీటుకు ఎదురుగా ఉన్న మూత ఊడదీశాడు.

"కాకా, ఇక్కడ సంచే లేదు."

చేయి పెట్టి చూశాను. ఖాళీ. బయట అంత ఎండ, లోపల చల్లగా.

సంచి ఒకసారి పేలిందట. అంటే బండి దేన్నో గుద్దింది. కొత్త సంచి పెట్టకుండా, ఉన్నట్టు బండిని నమ్మించడానికి బియ్యపు గింజంత ముక్క అతికించారు. గుంతల్లో అది కదిలినప్పుడల్లా లైటు. డ్రైవరు ముందుండే సంచి మాత్రం బాగానే ఉంది — హమ్మయ్య, ఆ మాటకే అతన్ని కావలించుకున్నాను!

"మరి ఆ మోత ఏంది?"

"సీట్లున్న సెన్సరు మనిషి కూసున్నడని చెప్తది కాకా. లోపటికి నీళ్లు దిగితే గట్లనే చెప్తది. ఈ సీటును మస్తు కడిగిన్రు."

ఎందుకు కడిగారని అడగబోయి… అడగలేదు.

ఆ దొంగ ముక్క పీకి తన డబ్బాలో వేసుకున్నాడు. అరుణతో అన్నాడు — "చెల్లే, కొత్త సంచి వచ్చేదాక లైటు వెలుగుతనే ఉంటది. వెలగాలె కూడా. ఆ పక్క ఎవ్వరిని కూసోపెట్టకు."

జూన్ 18

కాగితాల్లో పాత ఓనరు నంబరు దొరికింది. చేశాను. నా ఈడు గొంతు. నా సంతోషం నేను ఆపుకోలేను కదా — మీ బండి ఇప్పుడు మా బిడ్డ నడుపుతోందండీ, నర్సు, అడవి అవతల డ్యూటీ, అంటూ అంతా చెప్పేశాను.  అంతా విని అతను అడిగాడు —

"ఒక్కతే పోతదా?"

"అవ్, ఒక్కతే."

"ఒక్కతే పోదు" అన్నాడు. పెట్టేశాడు.

మళ్లీ చేస్తే స్విచాఫ్.

ఇంట్లో చెప్పలేదు.

జూన్ 19

సంచి వచ్చేదాకా బస్సులో పొమ్మన్నాను. "రెండు బస్సులు మారాలె నాన్నా. నొప్పులు పడేటోళ్లు నా బస్సు వచ్చేదాక ఆగుతరా?" బూట్ల లేసు కట్టుకుంటూ నవ్వింది. ఆ ధైర్యం! కడుపు నిండిపోయింది. కాదనలేకపోయాను. కాదనాల్సింది.

జూన్ 20

ఏడింటికి బయలుదేరింది. గేటు దగ్గరే చూశాను, లైటు ఎర్రగా వెలుగుతోంది. మంచిదే అనుకున్నాను.

ఎనిమిదికి ఫోన్. బండి పక్కకు ఆపి చేసింది. "నాన్నా! లైటు ఆరింది! మోత కూడా లేదు. ఆ ఖాళీ సీటుకు బెల్టు గిట్ల ఏం బిగించలే, అయినా మోగుతలేదు. బండి హాయిగ పోతుంది!" గొంతులో ఎంత సంతోషం… ఉద్యోగం వచ్చిన రోజు కూడా అంత వినలేదు.

"ఎక్కడున్నవ్ బిడ్డా? దిగు. బయటికి దిగు" అన్నాను. వినపడిందో లేదో, లైను తెగింది. అడవిలో సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది.

యాకూబ్‌కు చేశాను. ఆరింది అన్నాను.  డబ్బా మూత తీసిన చప్పుడు.

"ఎట్ల ఆరుతది కాకా? గా ముక్క ఇగో, నా చేతిలనే ఉంది."

స్కూటరు తీసుకుని బయలుదేరుతున్నానన్నాడు. కనకం నా ముఖం చూస్తోంది. ఏమైందంటోంది. నవ్వుదామంటే దవడలు కదలడం లేదు.

ఎనిమిదీ ఇరవై. ఇప్పుడు అరుణకు చేస్తే ఫోను మోగుతోంది… మోగుతోంది… ఎత్తడం లేదు.