నాన్న సర్వే స్టాండు

అమ్మా, నేను కులాసా, బెంగపడకు.

రాత్రి ఆకాశం ఫొటోలకి కొత్త లెన్సు కొందామని నిన్న కెమెరా కొట్టుకెళ్లాను. కొట్టాయన నా ఫొటోలు చూసి, "లెన్సు భేషుగ్గా ఉందమ్మా. గాలికి స్టాండు ఊగి చుక్కలన్నీ వానపాముల్లా వచ్చాయి. ముందు బరువైన స్టాండు చూసుకో" అన్నాడు. ఆయన చూపించినవన్నీ చీపురుపుల్లలే. నాన్న సర్వేకి మోసుకెళ్లిన మూడు కాళ్ల చెక్క స్టాండు గుర్తొచ్చింది. దానిమీద నువ్వింకా తువ్వాళ్లు ఆరేస్తున్నావా?

నీ మోకాలు ఎలా ఉంది? రిటైరయ్యాక నాన్న గడప దాటడం లేదని చెల్లి రాసింది. దాన్ని అడిగానని చెప్పు.

ఆ స్టాండు నాన్న ఇంకొకరి చేతికివ్వరని తెలుసు. ఇవ్వొద్దనే చెప్పు. తనే భుజాన వేసుకుని రావాలి. మట్టం చూసి నిలబెట్టడం నాకెక్కడొచ్చు?

నీ పెద్దది