సముద్రం దాటని దుమ్ము

మార్చి 3

నా దుమ్ము మళ్లీ సముద్రంలో పడిపోయింది. శాటిలైట్ ఫొటోల్లో ఎడారి దుమ్ము వారం తిరక్కుండా అవతలి ఒడ్డు చేరుతుంది. నా మోడల్‌లో సగం దారికే గాలి శుభ్రం.

మా క్లైమేట్ మోడల్‌లో గాలిలో తేలే రేణువులన్నీ నావి. దుమ్ము, పొగ, మసి, సముద్రపు ఉప్పు. వాటి కోడంతా నాలుగేళ్లు కూర్చుని రాశాను. పంతొమ్మిదిన కోడ్ ఫ్రీజ్, ఆ తర్వాత ఎవరూ ఏమీ మార్చకూడదు. అప్పటికీ దుమ్ము దాటకపోతే నా భాగం తీసేసి పాత అంకెల పట్టికే పెడతానని టీమ్ లీడర్ మేడమ్ చెప్పేశారు. పాత పట్టికలో దుమ్ము అసలు కదలదు. గోడకు వేసిన సున్నంలా అలాగే ఉంటుంది.

మార్చి 5

వానే కారణం. అనుమానం లేదు. వాన కోడ్ రాసేది నా తోటివాడే, అందరం వానరాయుడు అంటాం. వాడి వాన రోజూ తుంపర్లు కురిసి నా దుమ్మునంతా కడిగేస్తోంది. మీటింగ్‌లో అందరి ముందూ అనేశాను. తల వంచుకుని నోట్‌బుక్‌లో ఏదో రాసుకున్నాడు. కాస్త జాలేసింది. మరీ ఎక్కువేం కాదు.

మార్చి 9, మధ్యాహ్నం 3

వానరాయుడు మోడల్‌లో ప్రపంచమంతా వాన ఆపేసి రన్ చేసి పంపాడు. ఒక్క చుక్క లేదు. అయినా నా దుమ్ము అక్కడే మునిగింది. మెయిల్‌లో ఒక్క మాట కూడా ఎక్కువ రాయలేదు. అదే నా మంట.

మార్చి 10

ఏడ్చాను. తర్వాత రెండు ఐస్‌క్రీములు తిన్నాను.

మార్చి 14, ఆదివారం

నాన్న కార్లకు స్ప్రే పెయింట్ వేస్తారు. షెడ్డుకి వెళ్లి గోడు వెళ్లబోసుకున్నాను. ఆయన విన్నారో లేదో, గన్ నాజిల్ తిప్పుతూనే ఉన్నారు. ఒకసారి కొడితే రంగు నా చెప్పుల మీదే పడింది. నాజిల్ బిగించి కొడితే షెడ్డు చివరిదాకా తేలుతూ వెళ్లింది. లావు చుక్క కాళ్ల దగ్గరే పడుద్దమ్మా, నీ దుమ్ము ఎంత లావుందో చూశావా అన్నారు. చూడకుండా ఉంటానా అని కసురుకున్నాను.

చూడలేదు. నాలుగేళ్లుగా.

ఇంటికొచ్చి రేణువుల సైజులున్న ఫైల్ తెరిచాను. కోడ్ అడుగుతున్నది రేణువు వ్యాసార్ధం. ఫైల్‌లో ఉన్నది వ్యాసం. అంటే ప్రతి రేణువూ రెండింతల లావు, నాలుగింతల వేగంగా నేలకి! ఈ ఫైల్ చేసిన మహానుభావుడెవరా అని పైన పేరు చూశాను. నేనే. పిల్లని చంకలో పెట్టుకుని ఊరంతా వెతికాను.

మార్చి 15

అన్నిటినీ రెండుతో భాగించాను. ఒకటే లైను. పెద్ద కంప్యూటర్ క్యూలో నాది 41వ నంబరు.

మార్చి 16

గుట్టుగా ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. ఆ ఆలోచన రాలేదని అబద్ధమెందుకు. అయినా మీటింగ్‌లో లేచి చెప్పేశాను. ఆడలేక మద్దెల ఓడన్నానని, ఇంకొకరు అనకముందే నేనే అనుకున్నాను. మేడమ్ పగలబడి నవ్వారు. వానరాయుడు మాత్రం నవ్వలేదు. నువ్వన్నాక చూశాను, నా తుంపర్లు కూడా నిజంగానే ఎక్కువున్నాయి, వచ్చే వెర్షన్‌లో సరిచేస్తా అన్నాడు. అంత మంచితనం నేను తట్టుకోలేను. నెలంతా వాడి టీ ఖర్చు నాదే అని మాటిచ్చాను.

మార్చి 18

క్యూలో 6. నాన్న రెండుసార్లు ఫోన్ చేశారు, దాటిందా అని. ఇంకా బయల్దేరనే లేదు నాన్నా అన్నాను. షెడ్డులో అందరూ అడుగుతున్నారట.

మార్చి 19, ఉదయం 11.40

దాటింది.

ముందు చూసింది వానరాయుడు. నాకు కళ్లనిండా నీళ్లు, స్క్రీనే కనిపించలేదు.